ఎదురు బెర్త్ అవ్వకు అప్పజెప్పిన పిల్ల

నాకు పవన్ అంటే అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే, చెప్పబోయేదంతా ఎటువైపు నిలబడి చెబుతున్నానో తెలిసిపోతుంది. అయితే ఆ అసహ్యంలో నా వాటా నాకూ ఉంది. దాన్నీ దాచను.

పవన్‌ది గిద్దలూరు. వాళ్ళ నాయన పిచ్చయ్య రైల్వే గేటు దగ్గర సైకిళ్ళ దుకాణం నడుపుతూ, కొడుకు మెడలో స్టెతస్కోపు చూడాలని కజకిస్తాన్ పంపించాడు. నేను అక్కడికి వెళ్ళేసరికి పవన్‌కు ఆ దేశంలో ఆరో సంవత్సరం. చదివేది మాత్రం ఇంకా మూడో సంవత్సరమే. పొడుగ్గా ఉంటాడు, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఎవరినైనా సరే మొదటి నిమిషంలోనే చెల్లీ అనో తమ్ముడూ అనో కలిపేసుకుంటాడు. అందరూ అతన్ని పవనన్న అనేవాళ్ళు. నేనూ అన్నాను, రెండేళ్ళు.

నా పేరు ఆఫ్రీన్. మాది మార్కాపురం. మా అబ్బా మౌలా సాహెబ్ పలకల ఫ్యాక్టరీల్లో రాయి కోసే మిషన్లు బాగుచేస్తాడు. అమ్మీ కమ్రున్నీసా బట్టలు కుడుతుంది. నాకు వచ్చిన మార్కులకు ఇక్కడ మెడికల్ సీటు రాలేదు. కజకిస్తాన్ కాలేజీలో చేర్పిస్తానని పవన్ ఒంగోలులో పెట్టిన మీటింగుకు వెళ్ళి, అతని సొట్ట బుగ్గ చూసి, మా ఇంట్లో అందరం నమ్మాం. ఏ కాలేజీయో చెప్పను, ఏ ఊరో కూడా చెప్పను. చెబితే బోర్డు మార్చి ఇంకో పేరుతో తెరుస్తారు తప్ప మూసెయ్యరు. విమానం దిగే అల్మాటీ నుంచి ఆ ఊరికి రైల్లో రెండు రాత్రులు, దాదాపు రెండు పగళ్ళు పడుతుంది. ఆ రైలు గురించే ఇదంతా.

మా వైపు ఆడపిల్లను ఒంటరిగా రైలెక్కించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. తల్లి ముందు పెట్టెలోకి ఎక్కి ఎదురు సీట్లో ఎవరున్నారో చూస్తుంది. పిల్లలున్న ఆడమనిషైతే మేలు, ముసలావిడైతే మరీ మేలు. "అమ్మా, మా పాప ఒక్కతే పోతాంది, కొంచెం కనిపెట్టుకోండి" అని అప్పజెప్పి దిగుతుంది. పేరు అడగదు. కులం, మతం అడగదు. మామూలుగా మా ఊళ్ళో మంచినీళ్ళు ఇచ్చేముందు కూడా అడిగే ప్రశ్నలన్నీ రైలు దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతాయో తెలీదు. అప్పజెప్పించుకున్నవాళ్ళు కూడా కాదనరు. మధ్యలో దిగిపోవలసి వస్తే ఆ పిల్లను ఇంకొకరికి అప్పజెప్పి మరీ దిగుతారు.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి మార్కాపురం నుంచి హైదరాబాదు చేరేలోపు నేను మూడు చేతులు మారాను. నరసరావుపేటలో దిగిన పంతులమ్మ నన్ను ఒక మిరపకాయల వ్యాపారి భార్యకు అప్పజెప్పింది. ఆమె నల్గొండలో దిగుతూ, అక్కడే ఎక్కిన ముసలమ్మకు అప్పజెప్పింది. ఆ ముసలమ్మ నన్ను బాత్రూముకు కూడా ఒంటరిగా పోనివ్వలేదు. "నీకేమన్నా అయితే మీ అమ్మకు ఏం జవాబు చెప్పాల నేను?" అంది. మా అమ్మ ఎవరో ఆమెకు తెలియదు, మా అమ్మకు ఆమె తెలియదు. నాకైతే చచ్చేంత చిరాకేసింది.

కజకిస్తాన్ రైలు మొదటిసారి ఎక్కినప్పుడు నన్ను అప్పజెప్పింది పవన్‌కే. అల్మాటీలో మేం దిగిన వెంటనే అమ్మీ ఫోన్‌లో "నాయనా, నీ చెల్లెలనుకో" అంది. "అట్ల చెప్పాల్నా అమ్మీ, నేను లేనా?" అన్నాడు. అమ్మీని అమ్మీ అనే పిలిచాడు. దానికే అమ్మీ కరిగిపోయింది.

ఆ రైలంటే నాకు రోత. మన స్లీపర్ పెట్టె లాగే తలుపుల్లేని పెట్టె, కానీ కిటికీలు తెరవరు. ఎక్కగానే అందరూ బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటారు. ఆ బూట్ల కంపు, సాక్సుల కంపు, మురిగిన ఉన్ని కోట్ల కంపు పెట్టె దిగేదాకా అక్కడే తిరుగుతూ ఉంటాయి. పొగబెట్టిన చేపను కాగితం మీద పెట్టుకుని వేళ్ళతో చీల్చుకుని తింటారు. ఆ జిడ్డు వేళ్ళతోనే నా చెయ్యి పట్టుకుని "ఇండియా? ఇండియా?" అని ఊపుతారు. ఒక ముసలాయన కోటు జేబులోంచి ఎండబెట్టిన పెరుగు ఉండ తీసి, దుమ్ము ఊది, నా నోటి దాకా తెచ్చాడు. తర్వాత మాంసం ముక్కలు పెట్టారు. అది గుర్రం మాంసమని తెలిశాక ఆ ఊరు చేరేదాకా రొట్టె తప్ప ఇంకేమీ ముట్టలేదు.

కానీ ఆ రెండేళ్ళలో అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించింది మనవాళ్ళే. తెలుగు అక్కడ ఎవరికీ రాదు కదా. ఆ ధైర్యంతో ఎదుటి మనిషి గురించి ఎదురుగానే మాట్లాడతారు. ఒకావిడ మాకు వేడి టీ పోసి ఇస్తుంటే పవన్ చేతులు జోడించి, సొట్ట పడేలా నవ్వుతూ, "దీని మొహం చూడండ్రా, ఎండు చేప మాదిరి ఉండాది" అన్నాడు. ఆవిడ అదేదో దీవెన అనుకుని ఇంకో రెండు చక్కెర బిళ్ళలు వేసింది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే వేరైపోతానని భయం.

ఆ మొదటి ప్రయాణంలోనే రెండో రోజు పొద్దున పవన్ నా పక్కన కూర్చుని, "చెల్లీ, నీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ నాకియ్యి. దిగినాక పోలీసోళ్ళు చెక్ చేస్తారు. కొత్తోళ్ళ కాడ ఉంటే లేనిపోని తంటా" అన్నాడు. ఇచ్చేశాను. అవి నేరుగా కాలేజీ ఆఫీసు బీరువాలోకి వెళ్ళాయి. ఆ ఒరిజినల్స్ లేకుండా ఇంకే కాలేజీ చేర్చుకోదు. అంటే కాలేజీ నచ్చినా నచ్చకపోయినా అక్కడే పడి ఉండాలి. పోలీసులు ఎవరూ ఏ చెకింగూ చెయ్యలేదు.

రెండో సంవత్సరం సగంలో అసలు సంగతి బయటపడింది. మూడో సంవత్సరం నుంచి అక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లో ఉండవు, రష్యన్‌లో చెబుతారు. అట్లా చదివి వచ్చినవాళ్ళను ఇక్కడ డాక్టరు పరీక్షకు కూర్చోనివ్వరు. ఆరేళ్ళు చదివినా చదవనట్టే. పవన్‌ను నిలదీస్తే చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "నా టెన్త్ మెమో కూడా ఆ బీరువాలోనే ఉండాది ఆఫ్రీన్. నన్ను తెచ్చినోడిని కూడా నేను అన్నా అనే పిలిచినా" అన్నాడు. పిల్లల్ని తెచ్చినన్నాళ్ళూ ఆఫీసువాళ్ళు అతన్ని హాస్టల్లో ఉండనిస్తారు. అంతే అతని బతుకు. జాలి పడాలనే చూశాను. పడలేకపోయాను.

ఆ వేసవిలో మార్కాపురం వచ్చి, తిరిగి వెళ్ళే వారం ముందు పవన్ ఫోన్ చేశాడు. పుల్లలచెరువు కాడి నుంచి ఒక పాప వస్తోందట, పేరు సుస్మిత. నాతో పాటు తీసుకురమ్మన్నాడు. "ఆడపిల్ల తోడుంటే వాళ్ళమ్మకు ధైర్యం. నువ్వేం చెప్పనక్కర్లే, పక్కనుండు చాలు. బండి దిగిన మర్నాడే నీ సర్టిఫికెట్లు, వేరే కాలేజీకి పోయే కాగితం నీ చేతిలో పెడతా" అన్నాడు. నేను సరే అన్నాను. ఎంతసేపు ఆలోచించానో చెప్పమంటారా? "ఎవురే ఫోను?" అని అమ్మీ వంటింట్లోంచి అడిగి, నేను జవాబు చెప్పేలోపు. అంతసేపు.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో సుస్మిత వాళ్ళ అమ్మ లక్ష్మీనరసమ్మను చూశాను. కందులు, మిరప వేసుకునే ఇల్లు. ఎండకు నల్లబడిన సన్నటి మనిషి. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడింది. కూతురి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి, "మార్కాపురం పాపవంట గదా. నువ్వుండావని తెలిసినాకే నాకు నిద్ర పట్టింది తల్లీ. దీనికి లోకం తెలీదు" అంది. సుస్మిత చెయ్యి చల్లగా ఉంది. ఆ చెయ్యి వదిలించుకోవాలనిపించింది. వదిలించుకోలేదు, నవ్వాను. పవన్ దగ్గర నేర్చుకున్న నవ్వే అది.

అల్మాటీలో పవన్ కలిశాడు. రైల్లో మేం ముగ్గురం ఒక చోట. నాలుగో బెర్త్, సుస్మితకు ఎదురుగా, ఒక కజక్ అవ్వది. డెబ్భై దాటి ఉంటుంది. తలకు పూల రుమాలు, నోట్లో నాలుగు బంగారు పళ్ళు, పక్కన ఒక పెద్ద ఫ్లాస్కు. కూర్చున్న అరగంటకే మేజోళ్ళు దించి మోకాళ్ళకు గొర్రె కొవ్వు రాసుకుంది. ఆ వాసనకు నేను దుప్పటి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత చేప విప్పింది. తిన్నాక సూదితో పళ్ళు కుట్టుకుంది. పవన్ ఆమెకు దండం పెట్టి, తియ్యగా, "రెండు దినాలు ఈ గబ్బుముండను భరించాల్సిందే" అన్నాడు. సుస్మిత ఉలిక్కిపడి అతని వైపు చూసింది. నవ్వలేదు. నేను మొదటిసారి నవ్వాను, ఈ పిల్ల నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఒక స్టేషన్‌లో సిగ్నల్ దొరికి లక్ష్మీనరసమ్మ వీడియో కాల్ చేసింది. కూతురు తిన్నదా లేదా అయ్యాక, ఆమె అడిగిన మొదటి మాట, "నీ ఎదురుగా ఎవరుండారో చూపియ్యమ్మా." సుస్మిత ఫోన్ తిప్పింది. తెర మీద అవ్వ కనపడగానే లక్ష్మీనరసమ్మ కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"అవ్వా, నా బిడ్డ ఒక్కతే వచ్చినాది. ఇంతదాకా ఊరు దాటి ఎరగదు. మీరు పెద్దోళ్ళు, ఎదురుగా ఉండారు. దిగేదాకా కొంచెం కనిపెట్టుకోండవ్వా. మీ చేతుల్లో పెడతాండా."

తెలుగులోనే, ఏ తడబాటూ లేకుండా, పక్క ఊరి మనిషితో మాట్లాడినట్టు రెండు నిమిషాలు మాట్లాడింది. పవన్ పై బెర్త్ మీద పొర్లిపొర్లి నవ్వాడు. "అది కజక్ ముసల్ది అమ్మా, దానికేం అర్థమైతాది!" అన్నాడు. లక్ష్మీనరసమ్మ అతని మాట పట్టించుకోలేదు. అవ్వనే చూస్తోంది.

అవ్వ చివరిదాకా విన్నది. ఒక్క మాట అర్థమై ఉండదు. చేప తిన్న చేతిని రుమాలుకు తుడుచుకుని, గుండె మీద పెట్టుకుని, తల వంచింది. తర్వాత చెయ్యి చాచి సుస్మిత మణికట్టు పట్టుకుని, తెర ముందు పైకెత్తి చూపించింది. ఇదిగో, పట్టుకున్నాను అన్నట్టు. అవతల లక్ష్మీనరసమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆ నిమిషం నుంచి అవ్వ ఆ పిల్లను వదల్లేదు. తన పక్కన కూర్చోబెట్టుకుంది. బాత్రూముకు వెళితే తలుపు బయట నిలబడింది. ప్లాట్‌ఫారం మీదికి దిగితే వెంట దిగి, చెయ్యి పట్టుకునే తిరిగి ఎక్కించింది. చేప పెట్టబోయి, పిల్ల మొహం చూసి, ఆపిల్ కోసి పెట్టింది. నాకు ఆ కొవ్వు వాసన ఇంకా వెగటుగానే ఉంది. కానీ అవ్వ చేస్తున్నది ఏమిటో నాకు బాగా తెలుసు. నల్గొండలో ఎక్కిన ముసలమ్మ నాకు చేసింది ఇదే.

ఆ మధ్యాహ్నం పెట్టె చివర వేడినీళ్ళ బాయిలర్ దగ్గర సుస్మిత నన్ను పట్టుకుంది.

"అక్కా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. విమానంలో ఎవురో అబ్బాయి చెప్పినాడు. మూడో సంవత్సరం నుంచి క్లాసులు రష్యన్‌లోనంట, మనకాడ ఆ చదువు చెల్లదంట. నిజమేనా? నిజమైతే ఇంకా నేను ఏం ఇయ్యలే, సంతకం పెట్టలే. అల్మాటీకి తిరిగి పోతా. నాయన్ను ఒప్పిస్తా."

కొత్తపిల్ల కాబట్టి తప్పించుకోవడానికి ఇంకా దారి ఉంది. ఆమె ఒరిజినల్స్ నీలం ఫైల్లో ఆమె సంచిలోనే ఉన్నాయి. నేను అవునంటే చాలు.

"అట్లాంటిదేం లే. అన్నీ ఇంగ్లిష్‌లోనే. వాడెవడో ఫెయిలైనోడు చెప్పి ఉంటాడు" అన్నాను.

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. "నువ్వు చెప్తే చాలక్కా" అంది. గ్లాసులో నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది. నేను బాత్రూములోకి పోయి వాంతి చేసుకున్నాను. చేప వాసన వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం టీ వేళకు పవన్ కిందికి దిగి తన పాత పాట మొదలుపెట్టాడు. పోలీసోళ్ళు, చెకింగు, లేనిపోని తంటా. సుస్మిత నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె సంచిలోంచి నీలం ఫైలు తీసి అతనికిచ్చింది. పవన్ దాన్ని తన బ్యాగులో పెట్టుకోబోతుంటే అవ్వ లేచి, ఫైలు అతని చేతిలోంచి లాక్కుని, తన దిండు కింద పెట్టి, దిండు మీద కూర్చుంది.

పవన్ రష్యన్‌లో బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. రెండేళ్ళలో నాకూ ఆ భాష వచ్చేసింది. అవ్వ ఒక్కటే మాట పట్టుకుంది: "ఈ పిల్ల తల్లి నాకు అప్పజెప్పింది. పిల్ల సామాను నా దగ్గరుంటుంది." అటు ఇటు జనం మూగారు. పెట్టెను చూసుకునే యూనిఫారం ఆవిడ వచ్చింది. అవ్వ చెప్పింది విని, పవన్ చెప్పింది విని, సుస్మితను అడిగింది. సుస్మితకు రష్యన్ రాదు, బిక్కమొహం వేసి నిలబడింది. అప్పుడు యూనిఫారం ఆవిడ నా వైపు తిరిగింది.

"నీకు భాష వచ్చు కదా. ఈ కాగితాలు ఎవరివి? ఈ మనిషి ఆమెకు ఏమవుతాడు?"

పెట్టెలో అందరూ నన్నే చూస్తున్నారు. పవన్ కూడా. అతను నవ్వలేదు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యలేదు. నా సర్టిఫికెట్లు ఏ అరలో ఉన్నాయో తెలిసిన మనిషి ఏం చూడాలో అంతే చూశాడు. అతనెవరో చెప్పడానికి నాకు రష్యన్‌లో నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలూ నాకు వచ్చు.

"సొంత అన్న. ఒకే తల్లి పిల్లలు" అన్నాను.

యూనిఫారం ఆవిడ భుజాలెగరేసి, "అమ్మమ్మా, ఇంట్లోవాళ్ళ గొడవ, వదిలెయ్" అని దిండు కింది నుంచి ఫైలు తీసి పవన్‌కిచ్చింది. అవ్వ అడ్డం పడలేదు. నన్ను చూసింది. కోపంతో కాదు. నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది, దొరక్క వదిలేసింది. సుస్మిత మెల్లగా, "ఏం చెప్పినావక్కా?" అని అడిగింది. "నీ ఫైలు నీదేనని చెప్పినా" అన్నాను.

మర్నాడు, మేం దిగే ఊరికి మూడు గంటల ముందు అవ్వ ఊరు వచ్చింది. మూటలు సర్దుకున్నాక ఆమె దిగలేదు. సుస్మిత ఫోన్ వేలితో చూపించి, తల్లికి చెయ్యమని సైగ చేసింది. నాకు వెంటనే అర్థమైంది. దిగిపోయే ముందు చెప్పి దిగాలి కదా. లక్ష్మీనరసమ్మ తెర మీదికి వచ్చింది. అవ్వ రష్యన్‌లో నిదానంగా, నాకు ప్రతి మాటా తెలిసేలా చెప్పి, తల్లికి చెప్పమని నన్ను చూపించింది. ఆమె చెప్పింది ఇది:

"అమ్మా, నేను ఇక్కడ దిగిపోతున్నాను. నీ పిల్లను కాపాడాను కానీ నీ పిల్ల కాగితాలు కాపాడలేకపోయాను. ఆ మనిషి తీసుకున్నాడు. అతను అన్న కాదని నాకు తెలుసు. ఈ అమ్మాయి అబద్ధం చెప్పింది. నన్ను క్షమించు."

"అవ్వ ఏమంటాందమ్మా?" అని లక్ష్మీనరసమ్మ ఆత్రంగా అడిగింది.

"మీ పాప బంగారమంట. ఏ దిగులూ పెట్టుకోవద్దంటాంది" అన్నాను.

లక్ష్మీనరసమ్మ చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కు చూసి, తన మాటలు చేరాయనుకుని, అవ్వ తల వంచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి లక్ష్మీనరసమ్మ కూడా ఏడ్చింది. అవ్వ సుస్మిత అరచేతిలో పెన్నుతో తన ఫోన్ నంబరు రాసి దిగిపోయింది. బండి కదిలాక పవన్ నా భుజం తట్టి, "భలే చెప్పినావు చెల్లీ" అన్నాడు. ఆ చెయ్యి పడిన చోటు ఎన్నిసార్లు కడుక్కున్నానో లెక్క లేదు.

మాట ప్రకారం మర్నాడు నా సర్టిఫికెట్లు ఇచ్చాడు. నేను వేరే ఊరికి, వేరే కాలేజీకి వెళ్ళిపోయాను. చదువు ఇంగ్లిష్‌లోనే సాగింది. తిరిగొచ్చి పరీక్ష రాసి, రెండో తడవకు పాసయ్యాను. మా వీధిలో నన్ను డాక్టరమ్మ అంటున్నారు. అబ్బా మిషన్లు విప్పే చోటల్లా నా పేరు చెబుతాడు. పవన్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, కొత్త పిల్లల కోసం ఒక వీడియోలో నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. నా మీద అతనికి ఇంకా అంత నమ్మకం ఉందని తెలిసి ఒళ్ళు జలదరించింది.

పోయిన నెల సుస్మిత మా ఇంటికి వచ్చింది. చెప్పకుండా, ఒక్కతే, యర్రగొండపాలెం బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. మనిషి సన్నబడింది. అమ్మీ టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక మొదలుపెట్టింది. నిష్ఠూరం లేదు, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

మూడో సంవత్సరం పాఠాలు రష్యన్‌లోకి మారాయి. బయటపడాలంటే ఒరిజినల్స్ కావాలి. రెండేళ్ళు తిరిగినా ఆఫీసువాళ్ళు ఇవ్వలేదు. రష్యన్ పాఠాలు వినగా వినగా ఆ పిల్లకు భాష వచ్చేసింది. ఒకరోజు పాత నోటు పుస్తకంలో ఎక్కించుకున్న నంబరు కనపడితే అవ్వకు ఫోన్ చేసింది. "రైల్లో పిల్లను" అనగానే అవ్వ గుర్తుపట్టింది.

"మర్నాడే బండెక్కి వచ్చినాదక్కా. ఆఫీసులో బీరువా ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాది. పొద్దున తెరిచినప్పటి నుంచి మూసేదాకా. పొమ్మంటే పోదు. ఈ పిల్ల తల్లి నాకు అప్పజెప్పినాది, నేను ఆమెకు జవాబు చెప్పాల అంటాది. రెండో దినం సాయంత్రానికి ఫైలు నా చేతిలో పెట్టినారు."

నేను నా టీ గ్లాసును పక్కకు జరిపాను.

"ఆ దినం వీడియోలో మా అమ్మకు తాను ఏం చెప్పినాదో అవ్వే నాకు చెప్పినాది. మీ అమ్మ మంచిది, నేను అంత చెప్పినా నన్ను ఒక్క మాట అనలేదు, దండం పెట్టింది అన్నాది. మా అమ్మకు ఆ మాట చేరలేదని నేను అవ్వకు చెప్పలే."

టీ మీద మీగడ కట్టింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. "మీ అమ్మకు చెప్పినావా?" అని మాత్రం అడగగలిగాను. "ఇప్పుడైనా నేను వచ్చి చెప్తా."

సుస్మిత గ్లాసు కింద పెట్టి లేచింది. "వద్దక్కా. నర్సింగులో సీటొచ్చినాది, వచ్చే సోమవారం హైదరాబాదు పోవాల. అమ్మే రైలెక్కిస్తాది. నువ్వు చెప్తే, ఇంకెవురికీ నన్ను అప్పజెప్పలేక, పెట్టెలో ఎదురుగా ఉన్నోళ్ళను చూసి భయపడతాది."